దండోరాకు తోడు రెండు పిల్లికూనలు

పేరేసంద్ర,
6-8-1959

వదినకు సుబ్బలక్ష్మి నమస్కారాలు.

నువ్వు పంపిన పిల్లికూనలు రెండూ ప్రాణాలతో ఉన్నాయి. ఈ మాట మొదటే రాయకపోతే తక్కినది నువ్వు స్థిమితంగా చదవలేవు.

మీ తమ్ముడు బుట్ట మీద గోనెపట్టా కప్పి, తాడుతో బిగించి, చింతామణి నుంచి చిక్కబళ్ళాపురం, అక్కడ నుంచి ఇక్కడికి, రెండు బస్సులు మారి తెచ్చినారు. దారి కనపడితే పిల్లి వెనక్కు పోతుందని నువ్వు చెప్పినావంట, ఒక్కసారి కూడా మూత తీయలేదంట. గడపలో కాలు పెట్టినారో లేదో దండోరాకు వాసన తగిలింది. ఆ తర్వాత జరిగింది ఏమని రాసేది? బుట్ట మీద దూకింది, మీ తమ్ముని పంచె చింపింది, మజ్జిగ కుండ దొర్లించింది, ఆ మజ్జిగలో అత్త జారింది. ఎవరింట్లో ఏమైందని ఊరు సగం వచ్చి అడిగిపోయింది. పుట్టింట్లో ఉన్నప్పుడు ఆ కుక్కకు పేరు పెట్టింది నువ్వే కదా, సరిగ్గానే పెట్టినావు.

పిల్లులు మాకు అవసరమే. ఎలుకలు పట్టుపురుగుల గదిలోకి దారి కనుక్కొన్నాయి. పొద్దున లేచి చూస్తే తట్టల్లో పురుగులు పలచబడి ఉంటాయి. కానీ అత్త పడిన చోటి నుంచి లేవకముందే తీర్పు చెప్పింది. "ఈ కుక్క పిల్లికూన మీద నోరు పెట్టిందంటే ఆ పాపం ఇంటికి తగులుతాది. బంగారంతో పిల్లిని చేయించి కాశీలో ఇడిచే స్తోమత మనకు యాడుండాది? ఒక్క కూనకి ఏమన్నా అయితే, ఆ పొద్దే కుక్కని గొర్లోళ్ళ వెంట తోలేస్తా. ఎలుకల బాధకి ఇంటికి నిప్పు పెట్టుకొనినట్ల ఉండాది మన యవ్వారం."

కూనల్ని, కుక్కను ఒక దారికి తెచ్చే పని నాకు అప్పజెప్పినారు. నాకు దండోరా అంటే ఇప్పటికీ భయమే. కాపురానికి వచ్చిన రోజే పెండ్లిచీర మీద బురద కాళ్ళు వేసింది. ఏడాదిన్నర అయినా అది ఎదురొస్తే నేను గోడ పక్కకు జరుగుతాను. ఏం చేయమంటావో వెంటనే రాయి.

బళ్ళో నేర్చింది కన్నడ అక్షరాలు, తెలుగు మా నాయన నేర్పించింది. తప్పులుంటే నవ్వుకో, ఇంకెవరికీ చూపించకు.

నీ మరదలు
సుబ్బలక్ష్మి


చింతామణి,
10-8-1959

చిరంజీవి సుబ్బలక్ష్మిని వదిన తిమ్మక్క దీవించి రాస్తున్నది.

మా అమ్మ మజ్జిగలో జారిన సంగతి చదివి నవ్వినాను. నడుము బాగానే ఉంది కదా? ఉంటే నవ్వినట్లు చెప్పు, లేకుంటే చెప్పొద్దు.

దండోరా గురించి నువ్వు ఒకటి తెలుసుకోవాలి. వాడు చెడ్డవాడు కాదు, ఆగలేనివాడు. ఎవరు వచ్చినా వాడికి పండగే. నా పెండ్లయి బండి కదిలినప్పుడు పెద్ద రోడ్డు దాకా వెంట పరిగెత్తినాడు. తమ్ముడు మునినారాయణ వాణ్ణి ఎత్తుకొని వెనక్కు పోతుంటే నేను పెండ్లికొడుకు పక్కన కూర్చొని ఏడ్చినాను. అమ్మను వదిలినందుకు ఏడుస్తున్నానని అందరూ అనుకొన్నారు.

ఇట్ల చెయ్యి. కూనల్ని పెద్ద గంప కింద పెట్టి, పైన రాయి ఉంచు. వాటి కింద పరిచిన గుడ్డ తీసి వాడు పండుకొనే చోట వెయ్యి, వాడి గోనె తెచ్చి కూనల కింద వెయ్యి. ముక్కులు ముందు చుట్టరికం కలుపుకోవాలి, మొహాలు తర్వాత. వాడికి సంగటి గంప పక్కనే పెట్టు. దూకితే కట్టెయ్యి, నెమ్మదిస్తే విప్పు. కొట్టొద్దు. కొడితే, పిల్లి వచ్చినాక దెబ్బలు మొదలైనాయని వాడి బుద్ధిలో నాటుకొంటుంది.

ఇక్కడ వానలకు మండీలో ఎర్రగడ్డలు కుళ్ళుతున్నాయి, మా ఇంటాయన ముఖం కూడా ఆ రంగులోనే ఉంది. తల్లిపిల్లి తక్కిన కూనల్తో బియ్యం మూటల మీద రాణిగా ఉంది. నువ్వు భయపడకు. భయం వాసన కుక్కకు తెలుస్తుంది.

తిమ్మక్క


పేరేసంద్ర,
19-8-1959

వదినకు,

భయపడవద్దని రాయడం సులభం. నువ్వు చెప్పినట్లే అంతా చేసినాను. గుడ్డలు మార్చినాను, సంగటి గంప పక్కన పెట్టినాను. దండోరా సంగటి ముట్టలేదు. గంపకు ముక్కు ఆనించి పొద్దు గుంకేదాకా కూర్చుంటుంది. ఒళ్ళంతా వణుకుతుంది, చొంగ కారుస్తుంది, సన్నగా ఏడుస్తుంది. అది ఆశపడుతున్నదా, ఆడుకొందామంటున్నదా నాకు తెలియదు. అత్తకు మాత్రం అనుమానం లేదు. "కోడిపిల్లని చూసినబ్బుడు కూడా ఇట్లనే వణికె. ఆ కోడిపిల్ల ఏమాయె?" అంటుంది.

నిన్న గంప ఎత్తి చూద్దామని అనిపించింది. నల్లకూన బయటికి వచ్చింది. దండోరా దాని మీదికి వంగింది. కూన దాని ముక్కు మీద గోళ్ళు దించింది. అది అరిచిన అరుపుకు అత్త పురుగుల గది నుంచి ఆకు చేత్తోనే పరిగెత్తుకొని వచ్చింది. చారకూన భయపడి అటక ఎక్కి, దిగలేక అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు కుక్కను పశువుల కొట్టంలో కట్టేసినారు. అది పగలూ రాత్రీ మొరుగుతుంది. పక్కింటి గురప్ప వచ్చి "ఏమ్మా, ఇంట్లో ఎవరన్నా పోయినారా" అని అడిగిపోయినాడు.

ఇంకొక బాధ. దండోరా ఒంటి నిండా రక్తం పీల్చే గోమార్లు, గుడ్డలు మార్చినందువల్ల కూనలకూ పట్టినాయి. అవి గోక్కొని గోక్కొని మెడలు పుండు చేసుకొన్నాయి. కూనలు పురుగుల గదిలోకి పోనిదే ఎలుకలు పోవు. ఆ గది సంగతి నీకు తెలియదు వదినా, నువ్వు ఉన్నప్పుడు మన ఇంట్లో రాగులు, శనక్కాయలే కదా. ఇప్పుడు తలలో పూలు పెట్టుకొని కూడా లోపలికి పోకూడదు. స్నానం చేసే పోవాలి. ఇన్ని గోమార్లతో కూనల్ని ఎట్ల పంపేది?

పురుగులు గూడు కట్టే లోపల ఇది ఒక కొలిక్కి రాకపోతే కుక్కను గొర్లోళ్ళకు ఇచ్చేస్తానని అత్త మళ్ళీ అనింది. గుడిబండ దిక్కు నుంచి వాళ్ళు వచ్చే కాలమే ఇది.

సుబ్బలక్ష్మి


చింతామణి,
24-8-1959

సుబ్బలక్ష్మికి,

ఆ కోడిపిల్లను గద్ద ఎత్తుకుపోయింది. నేను కళ్ళారా చూసినాను. అమ్మ అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మదు.

నీ జాబులో ఒక సంగతి నాకు గుచ్చుకొనింది. కుక్క పోతుందేమో అని రాసినావు గానీ, పోకూడదని ఎక్కడా రాయలేదు. వాడంటే నీకు భయమని తెలుసు. భయం వేరు, వదిలించుకోవడం వేరు. వాడు అక్కడ ఉన్నంత వరకు ఆ ఇంట్లో నాదంటూ ఒకటి ఉందని నేను అనుకొంటాను. ఈ మాట మనసులో పెట్టుకో.

గోమార్లకు మందు చెబుతాను. ఇక్కడ మా మామగారు నమిలే పొగాకు ఉంటుంది చూడు, ఆ కాడలు అంగట్లో తెప్పించి నీళ్ళలో నానబెట్టు. రంగు దిగినాక ఆ నీళ్ళలో గుడ్డ ముంచి కుక్కకూ, కూనలకూ ఒళ్ళంతా తుడువు. నోట్లోకి పోనీకు. ఇక్కడ మండీ ఎద్దులకు, మేకలకు అందరూ ఇదే చేస్తారు, గోమారు నిలవదు. ఇంకొక లాభం కూడా ఉంది. మూడింటికీ ఒకే వాసన వస్తుంది. దండోరా ముక్కుకు కూనలు పరాయివి కాకుండా పోతాయి.

అమ్మతో చెప్పి చేయొద్దు. పేటలో నేర్చిన వేషాలంటుంది. ఫలితం చూసినాక చెబుదాం.

తిమ్మక్క


పేరేసంద్ర,
3-9-1959

వదినకు నమస్కారాలు.

ఈ జాబు రాయడానికి రెండు రోజులుగా తీరిక కోసం చూస్తున్నాను.

నీ మందు పని చేసింది. అత్త సంతకు పోయిన పొద్దు కొట్టంలోనే మూడింటినీ తుడిచినాను. మొదటి రోజు దండోరా కూనల్ని వాసన చూసి, తన కాళ్ళు వాసన చూసి, మళ్ళీ కూనల్ని వాసన చూసి, తుమ్మింది. తర్వాతి రోజు వణుకు తగ్గింది. మూడో రోజు నేను తాడు చేత్తో పట్టుకొని, గుండె చేత్తో పట్టుకొని, గంప ఎత్తినాను. నల్లకూన నేరుగా పోయి దాని పొట్ట కింద దూరింది. దండోరా నా వైపు చూసింది. ఇప్పుడు నేనేమి చేయాలి అని అడిగినట్లే ఉంది ఆ చూపు. కదలకుండా అట్లనే పండుకొనింది. గోమార్లు కూడా పోయినాయి.

నువ్వు గుచ్చుకొనిందని రాసిన మాట నాకూ గుచ్చుకొనింది. అయినా ఒకటి చెబుతాను. ఆ పొద్దు నేను మొదటిసారి దాని తల మీద చెయ్యి పెట్టినాను. అంత మొరిగే కుక్కకు చెవులు ఎంత మెత్తగా ఉన్నాయో నాకు ఇన్నాళ్ళు తెలియదు.

కూనలు ఇప్పుడు దండోరా పక్కన పండుకొని, చీకటి పడగానే పురుగుల గదికి పోతాయి. చారకూన కింది తట్టల పక్కనే కాపు కాస్తుంది. ఎలుకల అలికిడి లేదు. పురుగులు పొర విడిచే నాలుగో జ్వరం దాటి లేచినాయి, ఆకు తప్ప వేరే ధ్యాస లేదు వాటికి. అత్త నిన్న నాతో "పరవాలేదే, బాగేపల్లి పిల్లకి చేతిలో పనితనం ఉండాది" అనింది. కాపురానికి వచ్చినాక ఆమె నోట విన్న మొదటి మెప్పు ఇది. నీకు చెప్పకుండా ఉండలేకపోయినాను.

సుబ్బలక్ష్మి


చింతామణి,
15-9-1959

సుబ్బలక్ష్మికి,

నిన్న మునినారాయణ ఎర్రగడ్డల లారీలో వచ్చి దండోరాను మా వాకిట్లో దించిపోయినాడు. ముఖం ముడుచుకొని ఉన్నాడు. ఏమిరా అంటే, "పురుగులు చచ్చినాయి అక్కా. కుక్క వల్లనే ఇదంతా, ఇంట్లో ఉండరాదనింది అమ్మ. గొర్లోళ్ళకి ఇచ్చేదానికి నాకు మనసు రాక నీ కాడికి తెచ్చినా" అన్నాడు. సుబ్బలక్ష్మి ఏమనింది అని అడిగినాను. "ఏమీ అనలేదు" అన్నాడు. నీళ్ళు కూడా తాగకుండా అదే లారీలో పోయినాడు.

ఏమీ అనలేదా? చెవులు మెత్తగా ఉన్నాయని రాసిన చేత్తోనే తాడు విప్పి ఇచ్చినావా? వాడు పురుగుల్ని ఏం చేసినాడు? తిన్నాడా, తొక్కినాడా? నువ్వు కోరుకొన్నదే అయింది కదా. నాకు తీపిగా ఒక జాబు రాసి, అక్కడ అమ్మ మాటకు తల ఊపినావు.

ఇక్కడ నా గతి చూడు. కింద అంగడి, మీద మేము. వాడు ఎక్కడ తిరుగుతాడు? తల్లిపిల్లి వాణ్ణి చూసి మూటల మీద నుంచి దూలం మీదికి పోయింది, దిగడం లేదు. తక్కిన కూనలు ఎక్కడ దాక్కొన్నాయో తెలియదు. వాడు దూలం కింద నిలబడి మొరుగుతున్నాడు. మా ఇంటాయన గిరాకీ పోతుందని అరుస్తున్నాడు. గంప పెట్టినాను, గుడ్డలు మార్చినాను, ఏదీ కుదరలేదు.

బదులు రాయాలనుకొంటే రాయి.

తిమ్మక్క


పేరేసంద్ర,
19-9-1959

వదినగారికి,

మీరు అడిగినారు కాబట్టి రాస్తున్నాను.

దండోరా పురుగుల్ని తినలేదు, తొక్కలేదు, ఆ గదిలో కాలే పెట్టలేదు. పోయిన వారం మంగళవారం పొద్దున కింది తట్టల్లో పురుగులు తలలు పైకెత్తి ఊగుతున్నాయి, పచ్చగా కక్కుతున్నాయి. సాయంత్రానికి నల్లబడి వేలాడినాయి. మీ తమ్ముడు గదంతా వెతికి, చివరికి తట్టల పక్కన పండుకొన్న చారకూనను ఎత్తి వాసన చూసినారు. పొగాకు.

పొగాకు గాలి తగిలినా పట్టుపురుగు బతకదంట వదినగారూ. పొగాకు నమిలిన మనిషిని ఆ వాకిట్లోకే రానీయరంట. మీరు ఉన్నప్పుడు ఇంట్లో పురుగులు లేవు, మీకు తెలియదు. మా బాగేపల్లి దిక్కు శనక్కాయలు తప్ప ఇంకేమీ లేవు, నాకూ తెలియదు. పూలు వద్దన్నారు, స్నానం చేయమన్నారు, పొగాకు మాట ఎవరూ చెప్పలేదు. ఆడదానికి పొగాకుతో పనేముందని అనుకొన్నారేమో. పై తట్టల్లోవి బతికినాయి, కిందివన్నీ గుంట తీసి పూడ్చినాము.

ఎవరు చేసినారని అత్త అడిగింది. నేను చేసినానన్నాను. ఎవరు చెప్పినారంటే, మా ఊర్లో ఇట్ల చేస్తారన్నాను. అప్పుడు అత్త తల మీద చేతులు పెట్టుకొని, "నా తిమ్మక్క అయ్యుంటే చచ్చినా ఇట్లాంటి పని చేసుండదు" అనింది. ఆ మాట విన్నాక మీ పేరు ఏ నోటితో చెప్పేది?

ఇదంతా ఆ కుక్క కోసం చేసిన పాడుపని, ముందు కుక్కను పంపండని ఆమె అనింది. నేను ఏమీ అనలేదు, నిజమే. అనడానికి నాకు ఏ మొహం ఉంది? లారీ ఎక్కించేటప్పుడు అది నా చీర కొంగు పట్టుకొనింది. నేనే విడిపించినాను.

నన్ను పురుగుల గదికి రావద్దన్నారు. పేడ తీసేది, రాగులు విసిరేది నా పని. భోజనం దగ్గర ఎవరూ మాట్లాడరు. ఈసారి బాగేపల్లికి పోతే ఎన్నాళ్ళకు తిరిగి పిలుస్తారో తెలియదు. కూనలు రెండూ కొట్టంలో దండోరాను కట్టేసిన ఉత్త గూటం చుట్టూ తిరిగి అరుస్తున్నాయి. వాటిని ఇప్పుడు సీకాయతో కడిగినాను.

సుబ్బలక్ష్మి


చింతామణి,
26-9-1959

నా తల్లీ సుబ్బలక్ష్మీ,

నీ జాబు నిలబడి చదవడం మొదలుపెట్టి కూర్చొని ముగించినాను. నన్ను మీరు, గారు అని రాసినావు. తిట్టి ఉంటే బాగుండేది.

ముందు చెడ్డవార్త. దండోరా కనపడటం లేదు. నీ జాబు వచ్చిన రోజు పొద్దున తాడు కొరికి పోయినాడు. బస్టాండు, సంత, కైవారం రోడ్డు, శిడ్లఘట్ట రోడ్డు అన్నీ వెతికించినాను. లారీల వాళ్ళను ఒక్కొక్కరినీ అడిగినాను. ఒకరు చూడలేదంటారు, ఒకరు ఏదో కుక్క రోడ్డు మీద పడి ఉందంటారు. పోయి చూస్తే అది వేరే కుక్క. నాకు అన్నం దిగడం లేదు. తల్లిపిల్లి దూలం దిగి మూటల మీద మళ్ళీ రాణిగా కూర్చొనింది, దాన్ని చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు చెప్పేది గట్టిగా చదువు. అమ్మను ఎదుట కూర్చోబెట్టి చదువు. ఒక్క మాట కూడా మింగొద్దు.

అమ్మా, పొగాకు నీళ్ళు పెట్టమని రాసింది నేను. నీకు చెప్పవద్దని రాసింది కూడా నేనే. సుబ్బలక్ష్మి నా మాట నమ్మి చేసింది. పురుగుల ఇంటి కట్టుబాటు ఏమో అడగకుండా, పుట్టింటి సంగతి నాకు తెలియనిది ఏముందనే పొగరుతో రాసినాను. తప్పు నీ కూతురిది. ఆ పిల్ల నా పేరు చెప్పకుండా నీ చేత మాటలు పడింది. అది ఎందుకు చెప్పలేదో నువ్వే ఆలోచించు. నా మీద కోపం ఉంటే చింతామణి వచ్చి తిట్టు, నేను తల వంచుకొని వింటాను.

సుబ్బలక్ష్మీ, నీకు రాసిన పోయిన జాబు చింపి పొయ్యిలో వెయ్యి.

తిమ్మక్క


పేరేసంద్ర,
2-10-1959

వదినా,

వాడు వచ్చినాడు.

నీ జాబుకు ఒక రోజు ముందు వచ్చినాడు. నేను పేడ గంప ఎత్తుకొని పోతుంటే పెద్ద రోడ్డు మీద నుంచి కుంటుకొంటూ దిగినాడు. చెవి చినిగి ఉంది, అరికాళ్ళ చర్మం లేచిపోయి ఉంది. నన్ను చూసి మొరగలేదు. అది చూసే నాకు ఏడుపు వచ్చింది. కొట్టం దగ్గరికి పోయి గూటం పక్కన పడిపోయినాడు. కూనలు రెండూ ఎక్కడి నుంచి వచ్చినాయో వచ్చి, ఒకటి మెడ మీద, ఒకటి కాళ్ళ మధ్య కూర్చొన్నాయి. అత్త వచ్చి చూసి, తలుపు దగ్గరికి వేసి, "నీళ్ళు పెట్టు, సంగటి వద్దు. అలవాటైతే పోడు" అనింది. కొత్త పురుగులకు ఆకు వేయడం మొదలై నాలుగు రోజులే అయింది, ఆమె భయం ఆమెది. గొర్లోళ్ళ మంద మన చెరువు కింద దిగి ఉంది. పొద్దున మాట్లాడి వస్తానని మీ తమ్మునితో అనింది.

మర్నాడు నీ జాబు వచ్చింది. చదవాలా, వద్దా అని చాలాసేపు కొంగులో పెట్టుకొని తిరిగినాను. చదివితే ఆమెకు నీ మీద ఉన్న నమ్మకం పోతుంది, చదవకపోతే దండోరా పోతాడు. చివరికి అత్తను వాకిట్లో కూర్చోబెట్టి చదివినాను. పొగాకు అన్న చోట ఆగినాను. "ఆడ ఆగినావేమి, చదువు" అనింది. ముగించినాక, "తప్పు నీ కూతురిది అనే కాడ మళ్ళీ చదువు" అనింది. మళ్ళీ చదివినాను. ఆమె లేచి లోపలికి పోయింది. నేను ఇంక అయిపోయిందనుకొన్నాను.

వేడినీళ్ళ చెంబు, పాత గుడ్డ తీసుకొని బయటికి వచ్చింది. కొట్టంలో కూర్చొని దండోరా కాళ్ళు ఒళ్ళో పెట్టుకొని ముళ్ళు తీసింది. వాడు అరిస్తే, "అరువు, అరువు. చింతామణి నుంచి నడుసుకుంటా రమ్మని ఎవురు పిలిసిరి నిన్ను" అని తిట్టింది. తిట్టుకొంటూనే సంగటి తెమ్మని నన్ను కేకేసింది. గొర్లోళ్ళ మాట మళ్ళీ ఎత్తలేదు.

నీకు ఇట్ల రాయమంది: "కుక్క ఈడనే ఉంటాది. ఆయమ్మ మందులు మాత్రం చింతామణిలోనే పెట్టుకోమను." అట్లే రాస్తానన్నాను.

ఈ పొద్దు నేను ఎప్పటి మాదిరిగా పేడ గంప ఎత్తుకొంటుంటే, పురుగుల గది గడప లోపల నిలబడి, నా వైపు చూడకుండా, "యాడికి పోతాండావు? పేడ వాడు తీస్తాడులే నా కొడుకు. తానం చేసి రా, ఆకు తరగాల" అనింది. నీళ్ళు పోసుకొంటూ ఏడ్చినాను వదినా, ఎవరికీ వినపడలేదు.

మీ తమ్ముడు పేడ తీస్తున్నారు. దండోరా వారి వెంట కుంటుతూ మొరుగుతున్నాడు, కూనలు వాడి వెంట ఉన్నాయి. అత్త మళ్ళీ పిలుస్తూ ఉంది, ఆకు వేసే వేళయింది. పోతున్నాను.

నీ
సుబ్బలక్ష్మి